ఫాస్ఫేట్ ఎవరి కోసం తగ్గింది

…తగ్గిందంటే సంతోషించి ఊరుకోక, ఎలా తగ్గింది, ఎవరివల్ల తగ్గింది అని కుళ్ళిపోయే మొగుడు డయాలసిస్ వార్డు ముందున్న ఈ వరండాలో నేనొక్కడినే అయ్యుంటాను, బెంచీల మీద కూర్చున్న వాళ్ళందరికీ వాళ్ళవాళ్ళ నెంబర్లు పెరిగాయని దిగులు, నాకు మా ఆవిడ నెంబరు దిగిందని దిగులు, పొద్దున రాగానే పెద్ద నర్సు నన్ను వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పింది, మీ ఆవిడ ఫాస్ఫేట్ మూడుకి వచ్చేసిందండీ, ఏడు దాటి ఉండేది, వార్డు మొత్తంలో ఇంతలా తగ్గినవాళ్ళు లేరు, మీ వంటకి దండం పెట్టాలి అని, నేను నవ్వాను, పళ్ళన్నీ కనపడేలా నవ్వాను, లోపల మాత్రం కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది, నా వంట సంగతి నాకు తెలియదా, పోయిన ఏడాది ఎలా వండానో ఇప్పుడూ అలాగే వండుతున్నాను, మాంసం ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి మళ్ళీ పారబోసి, గుడ్లలో తెల్లసొన ఆమెకి తీసి పచ్చసొన నేను తిని, ఒక్క గింజ అటూ ఇటూ చేయలేదు, మరి ఏడు నుంచి మూడుకి దించింది ఎవరు?

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి, కూరగాయల కొట్టు కాటా దగ్గర్నుంచి బంగారం కొట్టు కాటా దాకా నా చేతిమీదుగా పోయినవే, ముల్లు ఊరికే కదలదని నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు, ముల్లు జరిగిందంటే పళ్ళెంలో ఎవరో ఏదో పెట్టారు, లేదా ఎవరో ఏదో తీశారు, అంతే, మూడోది లేదు, ఈ ఫాస్ఫేట్ సంగతీ అంతే కదా, మూత్రపిండాలు బాగున్నన్నాళ్ళూ దాని పేరే తెలియదు మనకి, తిన్నదాంట్లోంచి వస్తుంది, ఎక్కువైనది మూత్రంలో పోతుంది, అవి చేతులెత్తేశాక మాత్రం పోయే దారిలేక రక్తంలోనే పేరుకుని ఎముకల్లో సున్నాన్ని లాగేస్తుంది, రక్తనాళాలను బిరుసెక్కిస్తుంది, ఒళ్ళంతా దురద పుట్టిస్తుంది, వారానికి మూడుసార్లు ఈ మిషను రక్తం కడిగినా పూర్తిగా పోదు, అందుకని పాలు తగ్గించు, జున్ను మానెయ్, పచ్చసొన జోలికి పోకు, నల్లగా ఉండే కూల్‌డ్రింకు ముట్టుకోకు, తిన్నప్పుడల్లా ఆ లావుపాటి మాత్ర ముద్దల మధ్యలో నమిలిమింగు, తిండితోపాటు కడుపులో పడితేనే అది ఫాస్ఫేట్‌ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, ఉత్తి కడుపున వేసుకుంటే దండగ అని ఏడాదిపాటు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను, ఆఁ ఆఁ అంది, ఒకరోజు ఇంటికి వస్తూ బస్సులో, ఏమండీ, మాత్ర ముద్దల మధ్యలో నమలాలట, రిఫరీగారు చెప్పారు అంది, రిఫరీగారు చెప్పారట, నేను చెప్పినప్పుడు ఏ గోడకి చెప్పానో మరి.

అడుగో, తలుపుకున్న గాజు పలకలోంచి బాగానే కనపడుతున్నాడు, ఆమె కుర్చీ కిటికీ పక్కన, ఆ పక్క కుర్చీ ఆయనది, ఎప్పుడో ఫుట్‌బాల్ ఆటలకి రిఫరీగా చేశాడట, వార్డంతా రిఫరీగారూ రిఫరీగారూ అంటారు, భార్య పోయింది, ఒంటిగాడు, ఏదో హాస్టలు లాంటి చోట గది తీసుకుని ఉంటున్నాడు, జేబులో ఇప్పటికీ ఎర్ర కార్డు పెట్టుకు తిరుగుతాడు, సూది గుచ్చినప్పుడు నొప్పెడితే నర్సుకి తీసి చూపిస్తాడు, బయటికి పో అని వేలు చూపిస్తాడు, మా ఆవిడ పగలబడి నవ్వుతుంది, అదిగో ఇప్పుడూ నవ్వింది, గాజు ఇవతల నాకు వినపడదు, భుజాలు కదలడం కనపడుతోంది, నా జోకులకి ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో, చెప్పకముందే తెలుసులెండి అన్నట్టు చూస్తుంది, ఆయనేమో చెల్లెమ్మా అంటాడు ఆమెని, నన్ను బావగారూ అంటాడు, వరస కలిపేస్తే సరిపోయిందా, చెల్లెమ్మా అని పిలిచినంత మాత్రాన కడుపులో ఉన్నది కనపడకుండా పోతుందా, పైగా ఆయన ఫాస్ఫేట్ ఎప్పుడూ గీత దాటదట, గోల్ అవతలే ఆపేస్తానండీ బావగారూ అని చేతులు చాచి చూపించాడు ఒకసారి, నా చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోబట్టి సరిపోయింది.

అయినా మనసు ఊరికే అనుమానపడదు కదా, ఒకటి కాకపోతే ఒకటి కంటపడుతూనే ఉంది, ముందు ఆ చొక్కాలు, ఒకరోజు కొట్టు మూసి లోపలికి వెళ్తే కుట్టుమిషను ముందు కూర్చుని డయాలసిస్‌కి వేసుకొచ్చే తన చొక్కాలన్నిటికీ భుజాల దగ్గరా నడుం దగ్గరా కుట్లు వేసి బిగిస్తోంది, ఏంటి ఈ వయసులో అన్నాను, వదులుగా ఉంటే బాగోలేదండీ అంది, ఎవరికి బాగోలేదు, నాకు ఎప్పుడూ బాగానే ఉంది, తర్వాత మొహానికి పౌడరు, పెళ్ళికి వెళ్ళినా పౌడరు రాసుకోని మనిషి మిషను దగ్గరికి వెళ్ళడానికి రాసుకుంటోంది, బుగ్గల మీద ఇంత రంగు కూడా, ఆ తర్వాత ఉంగరం, మా పెళ్ళినాటి ఉంగరం, అది వేలికి లేదు, ఏదీ అంటే పర్సులో ఉందిలెండి అంది, పర్సులో ఎందుకుంటుంది ఉంగరం, పర్సుకేమైనా పెళ్ళయిందా, ఇక అన్నిటికంటే నన్ను తినేసింది వీపు, నెంబరు ఏడు దాటి ఉన్న రోజుల్లో పడుకోబోయే ముందు ఇటు తిరిగి కాస్త గోకండీ అనేది, నేను దువ్వెన వెనక్కి తిప్పి మెల్లగా గోకుతూ ఉంటే, ఇంకాస్త పైకి, ఆఁ అక్కడ, అంటూ నిద్రలోకి జారిపోయేది, ఇప్పుడు దురద తగ్గిపోయింది, వీపు నా వైపు తిప్పడం మానేసింది, మంచిదే కదా, మంచిదని నోటితో అంటాను, దువ్వెన మాత్రం చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, నా చేతిలోంచి ఆ పని కూడా ఎవరో లాగేసుకున్నట్టు.

అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు, సాయంత్రం వడ్డిస్తే ఆకలి లేదండీ, అక్కడ తిన్నది అరగలేదు అంటుంది, మిషను లేని రోజుల్లో కంచం పట్టుకుని బాల్కనీలో కూర్చుంటుంది, నేను కొట్టులోంచే మాత్ర నమిలావా అని కేకేస్తాను, ఆఁ నమిలానండీ అంటుంది, కంచం తళతళలాడుతూ వస్తుంది, ఇక్కడికి పంపే బాక్సూ అంతే, కడిగినట్టు ఖాళీగా వస్తుంది, మా వీధి పిల్లి కూడా ఈమధ్య బలిసి, అద్దె లేకుండా ఉంటున్న చుట్టంలాగా మా మెట్ల మీదే పడుకుంటోంది, అందరూ బాగుపడుతున్నారు, నేనొక్కణ్ణే ఎండిపోతున్నాను అనుకున్నాను, అబద్ధం, పచ్చసొనలు తిని నాకూ పొట్ట వచ్చింది.

మధ్యలో ఈ ఆహారం సంగతులు చెప్పే అమ్మాయి ఒకతె, కొత్తగా చేరింది, పొద్దున నర్సు అటు వెళ్ళగానే లోపలికి రమ్మని పిలిచింది, నేను మెచ్చుకోవడానికనుకుని చొక్కా సర్దుకుని వెళ్ళాను, ఆవిడ సరిగ్గా తింటున్నారా అండీ అంది, నాకు తలకొట్టేసినట్టయింది, తింటుందా అంటే ఏమిటమ్మా, బాక్సు నాకినట్టు వస్తుంటే అన్నాను, ఫాస్ఫేట్ తగ్గడం మంచిదేనండీ, కానీ ఇంత తొందరగా ఇంత కిందికి దిగితే ఒక్కోసారి మనిషి తినడం లేదని అర్థం, రక్తంలో మాంసకృత్తులు కూడా తగ్గాయి, డయాలసిస్ వాళ్ళకి కండ కరిగిపోవడం ఫాస్ఫేట్ పెరగడం కన్నా ప్రమాదం, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే గుండె తట్టుకోదు అంది, నేను ఊరుకుంటానా, బరువు చూడమ్మా, ఇంట్లో నా సొంత కాటా మీద నేనే తూచాను, గ్రాము తేడా వస్తే పట్టుకునే కాటా, పోయిన నెలా ఈ నెలా బరువు ఒకటే అన్నాను, ఆ అమ్మాయి, కండ పోయిన చోట నీళ్ళు నిలబడతాయండీ, కాటాకి ఆ తేడా తెలీదు అంది, కాటాకి తేడా తెలీదట, నా మొహం మీదే, పుట్టి బుద్ధెరిగాక నా వృత్తిని ఇంత మాట ఎవరూ అనలేదు, లేచి వచ్చేశాను, అప్పుడే గట్టిగా అనుకున్నాను, తినడం లేదు కాదమ్మా, తింటోంది, నాది కాదు, వాడిది తింటోంది, ఆ రిఫరీ ఏదో తెచ్చి పెడుతున్నాడు, వాడి తిండితో నెంబరు దిగింది, వాడి మాట విని మాత్ర నమిలింది, వాడికోసం చొక్కాలు బిగించింది, పెద్ద నర్సు దండం పెట్టాల్సింది నా వంటకి కాదు, వాడికి.

అందుకే ఇవాళ కొట్టుకి వెళ్తున్నానని చెప్పి వెళ్ళలేదు, ఈ తలుపు పక్కన దొంగలా నిలబడ్డాను, ఆయా బకెట్టు పట్టుకుని వస్తూ పోతూ నన్నే చూస్తోంది, చూడనీ, అదిగో తిండి వేళయింది, మిషన్లు తిరుగుతుంటే ఒక్కొక్కరూ ఒంటి చేత్తో బాక్సులు తెరుస్తున్నారు, ఆమె నా బాక్సు ఒళ్ళో పెట్టుకుంది, మూత తీసింది, నేను పొద్దున్నే లేచి రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడకబెట్టిన కోడి మాంసం, తెల్లసొన ముక్కలు, అన్నం, మీద నాలుగు మిరియపు గింజలు, మూత తీసి ఒకసారి వాసన చూసింది, చూసి అటు తిరిగి బాక్సు ఆయన చేతికి ఇచ్చేసింది, ఇచ్చేసింది, నా బాక్సు, ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా స్పూను తీసి మొదలుపెట్టాడు, మాత్ర కూడా మధ్యలో ఒకటి, నిదానంగా నమిలి, గొప్ప క్రమశిక్షణ, నా కళ్ళలో నిప్పులు కురిశాయి, సరే, ఇప్పుడు ఆయన బాక్సు బయటికి వస్తుంది, ఆయన ఏం తెచ్చాడో చూద్దాం, ఏ అమృతం తెచ్చాడో, పట్టుకుంటాను, ఆమె తింటుండగా లోపలికి వెళ్ళి నిలబడతాను, ఏం బాగుందా అని అడుగుతాను, రానీ, ఇంకా రాలేదు, ఆయన తింటూనే ఉన్నాడు, ఆమె చెంప కింద చెయ్యి పెట్టుకుని ఆయన తినడమే చూస్తోంది, సినిమా చూస్తున్నట్టు చూస్తోంది, ఇంకా ఏ బాక్సూ రాలేదు, ఆయన గిన్నె అంచు గోకాడు, అయిపోయింది, ఆమె బాక్సు తీసుకుని టిష్యూ కాగితంతో శుభ్రంగా తుడిచి, మూతపెట్టి, సంచిలో పెట్టేసింది, మరి ఆమె ఏం తిన్నట్టు?

ఏమీ తినలేదు, నేను కళ్ళార్పకుండా చూశాను, నీళ్ళు కూడా గుక్కెడే తాగింది, తలుపు ఎలా తోశానో తెలియదు, రిఫరీ నన్ను చూసి, రండి రండి బావగారూ, నూరేళ్ళు మీకు, ఇప్పుడే అనుకుంటున్నాం, ఏం వంటండీ మీది, రోజూ నాకోసం ఎక్కువ కట్టి పంపుతున్నారట, చెల్లెమ్మ చెప్పింది, ఆవిడ ఇంటి దగ్గరే కడుపునిండా తినొస్తుందట కదా, మా హాస్టలు రొట్టెలు తిని చచ్చిపోతున్నవాణ్ణి, మీ ఋణం తీర్చుకోలేను అంటున్నాడు, ఇంటి దగ్గర తినొస్తుందా, ఇంటి దగ్గర ఇక్కడ తిన్నానంటుంది, నేను ఆమెని చూశాను, ఆమె చప్పున కిటికీ వైపు తిరిగింది, తిరిగినప్పుడు మెడ దగ్గర పౌడరు ఆగిపోయిన చోట అసలు రంగు కనపడింది, మట్టి రంగు, నేను పక్కన కూర్చుని ఉత్తినే చెయ్యి పట్టుకోబోయి మోచెయ్యి పైన పట్టుకున్నాను, నా వేళ్ళు చుట్టూ తిరిగి ఒకదానికొకటి తగిలాయి, చొక్కా గుడ్డలోంచి ఎముక తగిలింది, బిగించిన చొక్కా కింద కూడా ఇంకా వదులే, ఉంగరం ఏది అన్నాను, చేతులు కడుక్కుంటుంటే సింకులో జారిపోబోయిందండీ, పోతుందని పర్సులో వేశాను, మీరు కోప్పడతారని చెప్పలేదు అంది, పాదాల మీద చూపుడువేలు పెట్టి నొక్కాను, గుంట పడింది, పడి అలాగే ఉండిపోయింది, నీళ్ళు, గ్రాము తేడా పట్టే నా కాటా తూచింది ఈ నీళ్ళని.

ఎందుకే అన్నాను, ఏం లేదండీ, తింటే మాత్ర వేసుకోవాలి, వేసుకుంటే పొట్ట రాయి అయిపోతుంది, నాలుగు రోజులు విరేచనం కాదు, ఆకలి ఎలాగూ అంతంతమాత్రమే, తినకపోతే మాత్రతో పనే లేదు కదా అంది, చిన్నపిల్ల లెక్కలు అప్పజెప్పినట్టు, ఎవరు చెప్పారు నీకీ తెలివితేటలు అంటూ రిఫరీ వైపు చూశాను, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు, స్పూను ఇంకా చేతిలోనే ఉంది, చెల్లెమ్మా, నువ్వు తినడం లేదా, ఇన్నాళ్ళూ నీ అన్నం తిన్నానా నేను అని, ఎర్ర కార్డు తీసి తనకి తానే చూపించుకున్నాడు, ఎవరూ నవ్వలేదు, ఆమె మాత్రం, ఆయన్నేం అనకండీ, ఆయనకేం తెలియదు, జ్వరం వచ్చి వారం రోజులు నేనేమీ తినలేదు గుర్తుందా, ఆ నెల నెంబరు ఐదుకి దిగింది, ఆ రోజు మీరు కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పారు, మా ఆవిడ ఫాస్ఫేట్ ఐదు అని, పాల ప్యాకెట్లు వేసే ఆయనకి కూడా చెప్పారు, నన్ను పెద్ద కాటా మీద నిలబెట్టి చప్పట్లు కొట్టారు, మీ మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్ళయిందో, అంతకుముందు నెంబరు పెరిగినప్పుడల్లా బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు, ఇల్లు వచ్చేదాకా మాట్లాడేవారు కాదు, మీరు అంత కష్టపడి వండితే నేను అంత పాడు నెంబరు తెస్తున్నానే అనిపించేది, ఆ ఐదు చూశాక తెలిసింది ఎలా తేవాలో అంది, చెబుతూ నవ్వబోయింది, మూడు వచ్చిందట కదండీ ఇవాళ, నర్సు చెప్పింది, సంతోషమేనా అంది.

సంతోషమేనా అని అడిగింది, ఎదురు చూస్తోంది, వెనక మిషను చక్రం తిరుగుతూనే ఉంది, నేను ఆహారం అమ్మాయిని పిలవమని నర్సుతో అన్నాను, మాత్ర మార్చమని అడగాలి, పొట్ట బిగియనిది ఏదైనా ఉంటుందేమో, పొద్దున లేచి వచ్చేసినందుకు ఆ అమ్మాయి కాళ్ళమీద పడమన్నా పడతాను, ముందు ఇప్పుడు నీకేం తినాలనుందో చెప్పు అన్నాను, ఏది వద్దన్నారో అది కాకుండా చెప్పాలా అంది, ఏదైనా చెప్పు, ఆ అమ్మాయి కాదంటే అప్పుడు చూద్దాం అన్నాను, ఏ పెద్ద విందు అడుగుతుందో అనుకున్నాను, పచ్చసొన అంది, ఒక్క ముక్క, మీరు వంటింట్లో నిలబడి తింటుంటే వాసన బాల్కనీలోకి వచ్చేది అంది, రిఫరీ మొహం అటు తిప్పుకున్నాడు, మంచివాడు, పాపం ఒట్టి మంచివాడు, ఈయన మీదా నేను పళ్ళు నూరింది, నేను పెట్టలేదు, తీయలేదు, ముల్లు మాత్రం దిగింది, ఎవరు దించారు ఎవరికోసం దించారు అని కొట్టులో స్క్రూలు బిగిస్తూ, బస్సులో, తలుపు వెనక, ఎంత వెతికాను, ఆ చొక్కాలు ఎవరి కళ్ళకి ఎముకలు కనపడకూడదని బిగించింది, ఆ పౌడరు ఎవరు చూసి భయపడకూడదని రాసుకుంది, ఎవరి మొహం వెలగాలని ఎదురుగా ఉన్న అన్నం వాసన చూసి పక్కకి ఇచ్చేసింది, అలాంటి మగవాడు ఒకడు ఉన్నాడని నాకు ముందునుంచీ తెలుసు, వాడంటే చచ్చేంత కుళ్ళు కూడా పడ్డాను, వాడు నేనే.